సినిమాలో తెగిన జడ

అరవై దాటాక నేర్చిన అక్షరాలు. తప్పులుంటే సర్దుకోండి, ఆలస్యమైనందుకు తిట్టకండి.

“భుజాల దాకా కత్తిరించెయ్యక్కా,” అంది కుర్చీలోని అమ్మాయి కళ్లు తుడుచుకుంటూ.

పార్లరక్క ఆ పొడవాటి జడకు పైనొకటి, కిందొకటి రబ్బరుబ్యాండు బిగించింది. ప్రేమ బెడిసికొట్టి జుట్టు మీద పడ్డవాళ్లలో ఈ వారం ఈమె మూడోది.

“నువ్వూ ఆ సినిమాయే చూశావా?”

“నాలుగుసార్లు. జుట్టు కత్తిరించుకోగానే హీరోయిన్ వాణ్ని మర్చిపోతుంది. మెట్లు దిగేసరికి కొత్తవాడు ఎదురవుతాడు.”

“మా మెట్ల మీద ఉండేది కుంటికుక్క ఒక్కటే తల్లీ. పైగా అందులో తెగింది విగ్గు. సినిమావాళ్లకు అలాంటివి నేనెన్ని కుట్టానో!”

అమ్మాయి నవ్వబోయి ఆపుకుంది. “ఏదైతేనేం, కానియ్యి.”

పార్లరక్క కత్తెర ఆనించింది. “పొట్టిజుట్టు నప్పుతుందని ఎవరన్నారు?”

“అతనే. రెండేళ్లు చెవిలో జోరీగలా పోరు పెట్టాడు. చచ్చినా కత్తిరించనన్నా...”

మాట ఆగింది. కత్తెరా ఆగింది.

అమ్మాయి అద్దంలోకి చూసి, జడను రెండు చేతులతో ముందుకు లాక్కుంది.

“విప్పి మళ్లీ వెయ్యక్కా. గట్టిగా.”

“మరి కొత్తవాడు?”

“దిగి చూస్తా. లేకపోతే కుక్క ఉందిగా!”

— పార్లరక్క అత్తగారు, డెబ్బై ఒకటి, పార్లరు పైగదిలో.