బొట్టుబిళ్ల రాయి

చర్ల ఊరి దగ్గరి గుట్ట ఎక్కేవాళ్లు మొదటి మలుపులో ఒక రాయి పెట్టి, దిగేటప్పుడు తీసేయాలి. పైన ఎవరూ మిగల్లేదని కాపలాదారు తిరుపతికి అదే గుర్తు.

పొద్దున జాతరలా జనం. ఒంటరిగా వచ్చిన సంగీత తన రాయికి బొట్టుబిళ్ల అంటించి మరీ ఎక్కింది. అందరికంటే వెనక, చీకటి పడ్డాక దిగొచ్చి చూస్తే రాయి లేదు.

“నా రాయి ఏది?”

తిరుపతి టార్చి ఆమె మొహం మీద వేశాడు. “ఇందాకనే తీసుకొని దిగిండ్రు గద మేడం... మీరే.”

కింద ఆమె బండి స్టార్టయింది. తాళంచెవి ఆమె పిడికిట్లోనే ఉంది.

సంగీత వంగి ఇంకో రాయి అందుకుంది, ఈసారి పెట్టడానికి కాదు.

“ఎవతివే నువ్వు? ఆగక్కడ! ఇంటికి పోయేది నేనే!” అని అరుస్తూ చీకట్లోకి దిగింది.

కింద బండి చప్పుడు ఆగింది.