నెత్తిమీద అడుగులు

"మళ్లీ మొదలైంది!" అంది రజిని పైకి చూస్తూ.

ధబ్... ధబ్... ధబ్.

పై అపార్ట్‌మెంట్‌లో ఎవరో ఈ గోడ నుంచి ఆ గోడకీ, ఆ గోడ నుంచి ఈ గోడకీ నడుస్తున్నారు.

"ఏం మొదలైందే?" ఫోన్‌లో అడిగింది రాధారాణి.

"మా పైన ఏనుగుగారి వాహ్యాళి."

లైన్‌లో ఉన్నవాళ్లంతా నవ్వారు.

అది 2011 జనవరి. అమెరికాలోని నోవైలో మంచు కింద ఏ కారు ఎవరిదో పోల్చుకోలేకుండా ఉంది. డిపెండెంట్ వీసా మీద వచ్చిన రజినికి ఉద్యోగం చేసే వీల్లేదు, డ్రైవింగ్ ఇంకా రాదు. భర్త ఉదయ్ ఆఫీస్‌కి వెళ్లాక పలకరించే ప్రాణి ఉండదు. ఆ దిగులుకి దొరికిన మందు ఈ కాన్ఫరెన్స్ కాల్. మధ్యాహ్నం పూట తలో ఊరి నుంచీ ఆడవాళ్లు ఒకే నెంబరుకి ఫోన్ చేసి అంత్యాక్షరి ఆడతారు. ఒకరి మొహం ఒకరు చూసింది లేదు. నడిపేది ఇర్వింగ్‌లో ఉండే రాధారాణి.

అందరిలోకీ పెద్దావిడ శేషమ్మ.

"మీదే ఊరు పిన్నిగారూ?" అని మొదట్లోనే అడిగింది రజిని.

"గడప దాటితే కదమ్మా ఊరు తెలిసేది! కిటికీలోంచి చూస్తే పిండి ఆరబోసినట్టుంది. పిండివారిపాలెం అనుకో."

ఆట అయ్యాక అందరూ ఫోన్ పెట్టేసినా శేషమ్మ మాత్రం రజిని కోసం ఉండిపోయేది.

"ఏం తిన్నావు?"

"ఏదో తిన్నానండీ."

"ఏదో అనే కూర మా కాలంలో లేదే! లే, చారు పెట్టుకో. నువ్వు తినేదాకా నేను ఫోన్ పెట్టను."

స్పీకర్‌లో ఆవిడ కబుర్లు వింటూ రజిని వేడివేడిగా అన్నం తినేది. ఆ చలికాలంలో ఆమెకి ముద్ద దిగేది ఆ ఒక్కపూటే.

"రజినీ, పాట నీదే. త్వరగా!" అని తొందరపెట్టింది రాధారాణి.

ధబ్... ధబ్...

"ఈ చప్పుడులో గుర్తొస్తే ఒట్టు! ఒక్క నిమిషం ఉండండి."

మాప్ కర్ర తెచ్చి సీలింగ్‌ని మూడుసార్లు గట్టిగా పొడిచింది.

అడుగులు ఠక్కున ఆగిపోయాయి.

"ఆ చప్పుడేంటమ్మా?" మెల్లగా అడిగింది శేషమ్మ.

"ఏనుగుకి అంకుశం పిన్నిగారూ!"

అందరూ పడీపడీ నవ్వారు. ఆ నవ్వుల్లో శేషమ్మ గొంతు వినపడలేదు.

ఆ మర్నాటి నుంచి పైన చడీచప్పుడూ లేదు.

"మీ పైవాళ్లు ఇప్పుడెలా ఉన్నారమ్మా?" కొన్నాళ్లకి అడిగింది శేషమ్మ.

"పిల్లుల్లా ఉన్నారు. స్వర్గంలా ఉందండీ ఇల్లు!"

"అంతే చాలు తల్లీ. నీది హాయైన గొంతు. పాడుకో."

పాటకి ముందు శేషమ్మకి ఎప్పుడూ వచ్చే ఆయాసం ఈ మధ్య రావడం లేదని రజిని గమనించింది. ఆవిడ ఒళ్లు కుదుటపడిందనుకుని సంతోషించింది.

ఫిబ్రవరి చివర్లో శేషమ్మ ఉన్నట్టుండి లైన్‌లోకి రావడం మానేసింది.

"ఫోన్ పాడైందేమోలే" అంది రాధారాణి.

రజినికి ముద్ద దిగలేదు.

ఒక ఉదయం కాలింగ్ బెల్ మోగింది. గుమ్మంలో నలభై ఏళ్లాయన. కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

"నమస్కారమండీ. మీ తోరణం చూసి తెలుగువాళ్లని తెలిసింది. పైన ఉంటాం. ఇవాళ బంధువులొస్తారు, అడుగుల చప్పుడు ఎక్కువగా ఉంటుంది. ఏమీ అనుకోకండి."

రజిని తలుపు ఇంకాస్త తీసింది. "ఏమైనా ఫంక్షనా అండీ?"

"కాదండీ. మా అమ్మ పోయింది."

"అయ్యో! ఎలా జరిగిందండీ?" అంది రజిని.

"మోకాలి ఆపరేషన్ అయింది. నడవకపోతే కాళ్లలో రక్తం గడ్డకడుతుందని డాక్టర్లు చెప్పారు. బయటంతా మంచు కదా, ఇంట్లోనే నడిచేది. ఎందుకో నెల కిందట మానేసింది. ఎంత పోరినా వినలేదు. 'కింద పిల్లని ఏడిపించలేనురా' అంది." అతను చిన్నగా తల ఊపాడు. "కింద ఉన్నది ఆడపిల్ల అని ఆవిడకెలా తెలుసో!"

అతను వెళ్లిపోయాక రజిని తలుపు వేసింది. మూల ఉన్న మాప్ కర్ర వంక చూడలేకపోయింది.

ఇది ఉదయ్‌తో చెప్పుకోలేదు. రాధారాణితో అసలే చెప్పుకోలేదు. చెప్పుకుని ఏడవడానికి ఒక్కరే ఉన్నారు. ఆవిడైతే తిట్టదు. 'లే, చారు పెట్టుకో' అంటుంది.

మధ్యాహ్నం అంత్యాక్షరి నెంబరుకి ఫోన్ కలిపింది. ఇంకెవరూ రాలేదు. కాసేపటికి ఎవరో లైన్‌లో చేరిన గంట మోగింది.

"పిన్నిగారూ, మీరేనా?"

"కాదండీ" అంది మగ గొంతు. "శేషమ్మగారి అబ్బాయిని. అమ్మ రోజూ ఈ నెంబరుకే చేసేది. మీ అందరికీ ఒక మాట చెప్పాలి..."

అతను నడుస్తూ మాట్లాడుతున్నట్టున్నాడు. రజిని నెత్తిమీద ధబ్... ధబ్... మని అడుగులు పడ్డాయి.