వాడు సరేనంటే

“ఆ పిల్ల ఇంకా గేటు దగ్గరే నిలబడి ఉంది దొరా,” అన్నాడు పాస్కో, జామపండు జెల్లీ గిన్నె బల్ల మీద పెడుతూ.

“నిలబడనీ. ఎండ తగ్గిందిగా,” అన్నాడు గవర్నరు థర్‌స్టన్, ముందున్న కాగితం మీంచి తల ఎత్తకుండా.

“పొద్దుట్నుంచీ ఉందండీ. పెళ్ళినాటి పసుపు తలగుడ్డ కూడా ఇంకా తీయలేదు.”

“తలగుడ్డల సంగతి నాకు అక్కర్లేదు. సైన్యం సంగతి చూడ్డానికే నన్నిక్కడికి పంపారు.”

“ఏమన్నారూ?” అంటూ పాస్కో కుడి చెవి ముందుకు వంచాడు. ఎడమ చెవి అతడికి వినిపించదు. నచ్చని మాటైతే ఏ చెవికీ వినిపించదని గవర్నరు వేళాకోళం చేస్తుంటాడు.

బల్ల మీది కాగితం సిపాయి సెలెస్టాన్‌ది. కొండమీది కోటలో కాపలా వదిలి పారిపోయాడని నేరం. తెల్లవారితే అతణ్ణి గోడకు నిలబెట్టి కాల్చేస్తారు. పొద్దుగూకి కోటలో ఫిరంగి పేలేలోగా గవర్నరు క్షమాభిక్ష పత్రం మీద సంతకం పెట్టి పైకి పంపితే బతుకుతాడు. ఫిరంగి పేలిందా, ఇక ఎవరి తరమూ కాదు. ఆ దీవిలో పద్ధతి అది. థర్‌స్టన్ వచ్చాక ఒక్క క్షమాభిక్ష కూడా ఆ కొండ దాకా వెళ్ళలేదు.

“పారిపోవడమంటే ఎంత దూరమండీ? కొండ దిగగానే వచ్చే గుడిసె దాకా,” అన్నాడు పాస్కో. “కొత్త పెళ్ళాం, ఆ గేటు దగ్గరి పిల్లే, మొదటిసారి కసావా దుంప రొట్టె కాల్చిందట. వేడివేడిగా తినేసి వచ్చేద్దామనుకున్నాడు. తిన్నాక కన్నంటుకుంది.”

“బాగుందటా రొట్టె?”

“మాడిందటండీ. అయినా ముక్క మిగల్చలేదట.”

గవర్నరుకు నవ్వు రాబోయి, సగంలోనే ఆగిపోయింది. పాస్కో టీ పోస్తూ మెల్లగా అడిగాడు.

“ఒక మాట దొరా. అలా పారిపోయినవాడు ఏ ముప్పయ్యేళ్ళకో దొరికాడనుకోండి. ముసలాడైపోయి, పళ్ళు ఊడిపోయి...”

“శిక్ష అదే. తూటా పళ్ళు లెక్కపెట్టదు. నా తోడబుట్టినవాడైనా అంతే.”

“అంతేలెండి,” అన్నాడు పాస్కో. టీ కొంచెం సాసరులోకి ఒలికింది.

జమైకా రేవులో ఎప్పుడో వచ్చి చేరాడు పాస్కో. అప్పటినుంచీ గవర్నరు ఏ దీవికి వెళితే ఆ దీవికి, పెట్టె బేడా మోసుకుంటూ వెంట వచ్చాడు. ఇంతకంటే మంచి కొలువులు దొరికినా పోలేదు. నా కాలి వాపునీ నా నోటినీ భరిస్తూ ఎందుకున్నావోయ్ అంటే, “మీ చేతి చలవ వల్లే కదండీ బతికున్నాను” అనేవాడు. నౌకర్లందరూ అనే మాటే.

“ఆ సెలెస్టాన్ నీకేమవుతాడు?” అన్నాడు గవర్నరు.

“ఏమీ కాడండీ.”

“మరి నీకెందుకింత ఆరాటం?”

“మీకెందుకు లేదో చెప్పండి. పోయినేడు కుంటి గుర్రాన్ని కాల్చేస్తామంటే వద్దన్నది మీరేగా. దానికింకా మేత వేస్తున్నాం. అది పని చేస్తోందా, పాడా!”

గవర్నరు కాగితం పక్కకు నెట్టాడు.

“ముప్పయ్యేళ్ళ కిందట స్పెయిన్ యుద్ధంలో నేను కుర్ర లెఫ్టినెంటుని. వేరే పటాలం నుంచి పారిపోయినవాణ్ణొకణ్ణి పట్టుకొచ్చి మాకు అప్పగించారు. నేను వెళ్ళేసరికే తలకు ముసుగు తొడిగి గోడకు నిలబెట్టారు. పేరడగలేదు, ముఖం చూడలేదు. తుపాకుల్లో ఒకదాంట్లో గుండు పెట్టరు తెలుసా? నాదే ఖాళీదేమోనని ఎవడికి వాడు సర్దిచెప్పుకోవడానికి. ఆజ్ఞ ఇచ్చినవాడికి ఆ సుఖం కూడా లేదు. పడ్డాక కూడా వాడు కదులుతున్నాడు. అప్పుడు ముగించాల్సింది అధికారే. చెవి పక్కన పిస్తోలు పెట్టి, కళ్ళు గట్టిగా మూసుకుని నొక్కేశాను. గుర్రమెక్కేదాకా మళ్ళీ వాడివైపు చూడలేదు. పూడ్చే తీరిక కూడా లేదు. ఆ వానలోనే దండు కదిలిపోయింది.”

సముద్రపు గాలికి పాస్కో పొడుగు జుట్టు చెదిరి, ఎడమ చెవి పక్కన చర్మంలో ఇంకిపోయిన నల్లటి చుక్కలు కనిపించాయి. మశూచి మచ్చలని గవర్నరు ఏనాడో అనుకుని వదిలేశాడు. పాస్కో గబుక్కున జుట్టు సర్దుకున్నాడు.

“ఇప్పుడు వీణ్ణి వదిలేస్తే, రేపు పైలోకంలో వాడు నన్ను నిలదీస్తాడు,” అన్నాడు గవర్నరు. “‘రొట్టె కోసం పోయినవాడి మీద జాలిపడ్డావే, నేనేం పాపం చేశాను?’ అంటాడు. ఏం చెప్పను? అందుకే ఎవరినీ వదల్లేదు. వాడికి అంత అన్యాయం చేయలేను.”

“వాడు అలా అడగడేమో దొరా.”

“నీకేం తెలుసు?”

“వాడే వచ్చి, పోనీ వదిలెయ్యండి అంటే?”

“చచ్చినవాళ్ళు రారు.”

“వస్తే?”

“నీ గోల పాడుగాను! వాడు సరేనంటే ఈ క్షణమే సంతకం పెడతాను. సైనికుడి మాట. చాలా? ఇక వెళ్ళి దీపం పట్రా.”

కొండ మీద ఫిరంగి దగ్గరికి మనుషులు నడుస్తున్నారు. సూర్యుడు నీళ్ళను తాకాడు. గేటు దగ్గర పసుపు తలగుడ్డ కటకటాలకు ఆనుకుని అలాగే ఉంది.

పాస్కో దీపం కోసం వెళ్ళలేదు. కలాన్ని సిరాలో ముంచి గవర్నరు వేళ్ళ మధ్య పెట్టాడు. కుర్చీ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, జుట్టు ఎడమ చెవి వెనక్కి దోపుకుని, తుపాకిమందు ఇంకిన ఆ నల్లటి చుక్కలు చూపించాడు.

“సరేనంటున్నాను దొరా.”