గోడ పిలుపు

ఈ రోజుల్లో భూమి కాస్త కదిలినా ఇంటి గోడ లోపలున్నవాళ్ళను పేరుపేరునా పిలుస్తుంది. పిలిచిన మనిషి ముంగిట్లోకి చేరేదాకా ఆపదు.

అద్దంకిలో మాల్యాద్రి ఇంటి గోడ మాత్రం చివరి పేరు దగ్గరే తిరిగేది. "హిమజా, బయటికి రా."

హిమజ అతని కూతురు. కిందటి భూకంపంలో చెప్పులు వేసుకుంటూ గుమ్మంలో ఆగి, దూలం పడి చనిపోయింది. గోడలోంచి ఆ పేరు తీయించడానికి భార్య అంకమ్మ ఒప్పుకోలేదు. ఆ చెప్పులు తెచ్చి ముంగిట్లో బండ పక్కన పెట్టింది. ప్రతిసారీ మాల్యాద్రే మీట నొక్కి పిలుపు ఆపేవాడు.

ఈ సాయంత్రం గిన్నెలు గలగలమన్నాయి. ఇద్దరూ బయటికి పరుగెత్తి బండ మీద కూర్చున్నారు. గోడ హిమజను ఒక్కసారే పిలిచింది.

"అందరూ వచ్చారు. ఇక లోపలికి వెళ్ళొచ్చు" అంది.

మాల్యాద్రి లేచాడు. అంకమ్మ బండ మీద కొంచెం పక్కకు జరిగి చోటిచ్చింది.

"నువ్వు పదయ్యా. పిల్ల ఇప్పుడేగా వచ్చింది, కాసేపు కూర్చుని వస్తాం."