అడగనక్కర్లేని జంట

"రెండు చిప్‌లు కలిపితే పని రెట్టింపు అవ్వాలి కదా తల్లీ, సగమే పెరిగిందేం?" అని మూడు నెలలుగా ఇంజనీరు ప్రాణం తీసిన మేనేజరు ఈరోజు ల్యాబ్‌లో చప్పట్లు కొట్టాడు.

ల్యాప్‌టాప్‌లో చల్లగా, చురుగ్గా పనిచేసే చిప్ అది. సినిమాలు ఎడిట్ చేసేవాళ్ల పెద్ద కంప్యూటర్ కోసం అలాంటివి రెండు అతికించారు. అతికించాక ప్రతి చిన్నదానికీ ఒకటి రెండోదాన్ని అడిగి, జవాబు కోసం ఎదురుచూస్తూ కూర్చునేది.

"ఎలా దారికి తెచ్చావు?"

"దేనికి కావలసింది దాని దగ్గరే పెట్టేశాను సార్. ఇక ఒకదాన్నొకటి అడగనక్కర్లేదు."

"ఇంత మంచి ఉపాయం ఎక్కడ దొరికింది?"

"మా ఇంట్లోనే," అంది ఇంజనీరు. అందరూ పగలబడి నవ్వారు.

సాయంత్రం ఇంటికొచ్చి టీ పెట్టుకుంది. వంటింట్లో ఆమెకో అర, భర్తకో అర. పాలు, టీపొడి, చక్కెర ఎవరివి వాళ్లకే. తన చక్కెర డబ్బా చేతిలో ఉండగానే అతని గది గుమ్మం దాకా వెళ్లింది.

"ఏమండీ, చక్కెర ఎక్కడుంది?"

అతను తల తిప్పలేదు. "నీ అరలోనే ఉందిగా."

జవాబు రావడానికి ఒక్క క్షణం కూడా పట్టలేదు.