ఎర్ర సున్నాలు

"పద్నాలుగు," అన్నాడు గుమాస్తా, పెన్సిలు చెవి మీద పెట్టుకుంటూ. "పదో తరగతిలో ముప్పై ఇద్దరుంటే పద్నాలుగు మందికి ఎర్ర సున్నా చుట్టాలి మేడమ్."

టీచరమ్మ అతని చేతిలోంచి కాగితం లాక్కుంది. లెక్కల్లో మార్కులు, తల్లిదండ్రుల పని, వాళ్ళ చదువు, ఎన్నిసార్లు ఇల్లు మారారు. ఇవీ అందులో గళ్ళు. పిల్లవాడు లెక్కల్లో తప్పి, ఇంట్లో చదువుకున్నవాళ్ళు కూడా లేకపోతే పేరు చుట్టూ ఎర్ర సిరాతో సున్నా పెట్టాలి. ఎందుకు పెట్టాలన్నది మాత్రం ఏ గడిలోనూ లేదు.

పొద్దున జీపు దిగిన అధికారిని అడిగి చూసింది. ఆయన మొహం కూడా తిప్పలేదు.

"చెప్పకూడదమ్మా. చెబితే అంకెలు మారిపోతాయి. మూడింటికల్లా కాగితం నా చేతిలో ఉండాలి."

అని హెడ్మాస్టరు గదిలో ఫ్యాను కింద కూర్చున్నాడు. హెడ్మాస్టరు సెలవు పెట్టి నెలయింది కాబట్టి సంతకం పెట్టాల్సింది టీచరమ్మే.

ఆయనతోపాటు ఇంకొకావిడ కూడా దిగింది. నలభై దాటిన మనిషి, భుజాన బరువైన సంచీ. పేరు లేదు, పలకరింపు లేదు. వరండాలో అటూ ఇటూ తిరుగుతూ కిటికీల్లోంచి పిల్లల్ని లెక్కపెడుతోంది.

"నాలుగేళ్ళ కిందట కూడా ఇలాంటి జాబితానే అడిగారు. గుర్తుందా?" అంది టీచరమ్మ.

గుర్తు లేకేం. అప్పుడు పదకొండు మందిని హైవే అవతలి బడికి మార్చేశారు. ఆ ఏడు ఇక్కడి ఫలితాలు చూసి పైనుంచి మెచ్చుకుంటూ ఉత్తరం వచ్చింది. పోయిన పదకొండు మందిలో తొమ్మిది మంది ఏడాది తిరక్కుండా చదువు మానేశారు. ఆ జాబితా రాసింది టీచరమ్మే. అప్పట్నుంచి ఎర్ర పెన్ను చూస్తే ఆమెకి తన మీద తనకే ఒళ్ళు మండుతుంది.

ఇవాళ్టి వరసలో మొదటి పేరు పిట్టది. అసలు పేరు రిజిస్టరుకే తెలుసు. తల్లి కట్టే ఇళ్ళ దగ్గర ఇటుకలు మోస్తుంది. ఒక ఇల్లు లేస్తే మకాం ఇంకో ఇంటికి. పిట్టకి లెక్కల్లో పంతొమ్మిది. అందులో ఆ పిల్ల తప్పేం లేదు. లెక్కలు చెప్పేవాళ్ళు లేక, భాష చెప్పే టీచరమ్మే రెండేళ్ళుగా గైడు ముందేసుకుని నెట్టుకొస్తోంది. పది గట్టెక్కితే నర్సు చదువు, లేకపోతే అమ్మతోపాటు ఇటుకలు. ఈ మాట పిట్టే నవ్వుతూ అందరికీ చెబుతుంది. వినేవాళ్ళకే నవ్వు రాదు.

ఆ పిట్టే ఇప్పుడు రొప్పుకుంటూ లోపలికొచ్చింది.

"టీచర్, ఆ సంచీ ఆంటీ నన్ను ఏవేవో అడిగింది."

"ఏమడిగింది?"

"ఇల్లెంత దూరం అంది. బడి వదిలాక ఇంకో గంట ఆలస్యమైతే ఇంట్లో వెతుక్కుంటారా అంది."

టీచరమ్మ కుర్చీలోంచి లేచింది. "నువ్వేం చెప్పావ్?"

"మా అమ్మ చీకటిపడ్డాకే వస్తుంది, ఎవరూ వెతకరన్నా. పుస్తకంలో రాసుకుంది. నిజం చెబితే తప్పా టీచర్?"

"క్లాసుకి పో. కిటికీ దగ్గర కూర్చోకు."

పిట్ట వెళ్ళాక టీచరమ్మ తలుపు గడియ పెట్టింది.

"గుమాస్తాగారూ, కొత్త కాగితం తియ్యండి. మళ్ళీ రాద్దాం."

"ఉద్యోగాలు ఊడతాయి మేడమ్."

"ఊడనివ్వండి. ఈసారి నా చేత్తో ఒక్క పిల్లని కూడా సాగనంపను."

"ఇంకా రెండేళ్ళ సర్వీసుంది నాకు. నిండా ముంచేట్టున్నారు," అని గొణుగుతూనే గుమాస్తా సొరుగు లాగాడు.

గంటలో ఆ బడి దశ తిరిగింది. ఇటుకలు మోసే తల్లి మేస్త్రీ అయింది. తోపుడుబండి తండ్రి వ్యాపారి అయ్యాడు. వేలిముద్రలవాళ్ళంతా కాలేజీ మెట్లెక్కారు. పిట్ట పంతొమ్మిది కాస్తా నలభై తొమ్మిదయింది.

"అందరికీ ఒకేలా పెంచకండి, దొరికిపోతాం," అన్నాడు గుమాస్తా, ఈ విద్యలో చెయ్యి తిరిగినవాడిలా.

మూడింటికి అధికారి కాగితం అందుకుని పైనుంచి కిందికి చూశాడు. మళ్ళీ కిందినుంచి పైకి చూశాడు.

"ఒక్క సున్నా కూడా లేదే?"

"లేదండీ."

"అందరూ గట్టెక్కేవాళ్ళేనా?"

"అందరూనండీ." టీచరమ్మ గొంతు వణకలేదు.

"సంతోషం," అన్నాడాయన. మొహంలో మాత్రం ఆ సంతోషం జాడ లేదు. సంతకం గీకి, జేబులోంచి అంటించిన కవరొకటి తీసి గుమాస్తా చేతికిచ్చాడు. "ఇది మీ ఫైలుకి. ఇప్పుడు చదువుకోవచ్చు." తర్వాత వరండాలోకి కేకేశాడు. "పదండి మేడమ్, ఇక్కడ మనకి పని లేదు."

ఆవిడ కదల్లేదు. కిటికీలోంచి పిట్టని చూపించింది.

"ఆ పిల్ల కూడా లేదా?"

"లేదు. జాబితాలో ఎవరూ లేరు."

ఆవిడ పిట్టకేసి ఇంకాసేపు చూసి, సంచీ సర్దుకుని జీపెక్కింది. జీపు గేటు దాటేదాకా టీచరమ్మ గుమ్మంలోనే నిలబడి చూసింది. ఆ తర్వాత కుర్చీలో కూలబడి, ఏడుపూ నవ్వూ కలిసి వస్తుంటే కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఈసారి గెలిచాం గుమాస్తాగారూ."

గుమాస్తా కవరు చింపి, లోపలి కాగితం రెండోసారి చదువుతున్నాడు.

"ఏం రాశారు?"

"ఎర్ర సున్నాలు పది దాటితే, ఆవిణ్ణి ఈ పూటే ఈ బడిలో వదిలి వెళ్ళమని."

"వదిలి వెళ్ళడమేంటి? ఎవరావిడ?"

గుమాస్తా తలెత్తలేదు.

"లెక్కల టీచరు."