ఓటు చుక్క

బడిలో ఓటేసి నేను ఇంటికి రాగానే పక్కింటి ఖుర్షీదక్క ఎడమ చూపుడు వేలు చూపించింది. దాని మీద నల్లటి చుక్క ఉంది.

“పోయినసారి నీ పేరే లేదన్నరు కదక్కా, ఈసారి వచ్చిందా?” అన్నాను.

“ఎందుకు రాదు చెల్లె? లక్సెట్టిపేటల పుట్టిన, ఈడనే మట్టిల కలుస్త. నా ఓటు ఇంకేడుంటది?” అని నవ్వింది.

సాయంత్రం దేవుడికి దీపం పెట్టి బయటికి వచ్చాను. నమాజుకు ముందు ఆమె నల్లా కింద చేతులు కడుక్కుంటోంది. ఆ చుక్క నీళ్లలో కరిగిపోయింది. గిన్నెలన్నీ తోమినా నా వేలి సిరా పోలేదు.

“ఈసారి గూడ లేదన్నరు చెల్లె,” అంది తల ఎత్తకుండా. “గల్లీల అందరి వేళ్లకుంది. నాకొక్కదానికే లేకుంటే ఎట్ల?”

నమాజు అయ్యాక, కంటికి పెట్టుకునే సుర్మా డబ్బీ తెచ్చి నా చేతిలో పెట్టింది.

“పొద్దున నేనే పెట్టుకున్న. ఇప్పుడు జర నువ్వే పెట్టు.”

సిరా ఉన్న వేలితోనే పెట్టాను.